ముప్పై ఏళ్లు ఆలస్యంగా వచ్చిన తీగ

ఎలక్ట్రిక్ గిటార్ ఎప్పుడు పుట్టిందని అడిగితే 1931 అనో 1932 అనో జవాబు వస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో హవాయి గిటార్ వాయించే జార్జ్ బీచమ్ 1931లో తీగల చుట్టూ గుర్రపు నాడా ఆకారపు అయస్కాంతాలు పెట్టి, కింద రాగితీగ చుట్ట అమర్చి ఒక నమూనా తయారు చేశాడు. అడాల్ఫ్ రికెన్‌బాకర్‌తో కలిసి మరుసటి ఏడాదే దాన్ని అల్యూమినియంతో పోతపోసి అమ్మకానికి పెట్టాడు. గుండ్రటి చిన్న ఒళ్లు, పొడవాటి మెడ చూసి జనం దానికి ‘ఫ్రయింగ్ పాన్’ అని పేరు పెట్టారు. 1934లో పెట్టుకున్న దరఖాస్తుకు 1937లో పేటెంటు దక్కింది. ఆ జవాబులో తప్పేమీ లేదు. కానీ ఈ వాద్యం కథలో 1962కు ఉన్న విలువ 1932కు ఉన్నదానికి ఏమాత్రం తక్కువ కాదని నా వాదన. మొదటి సంవత్సరం యంత్రం పుట్టింది. రెండో సంవత్సరం దానికి తగిన తీగ దొరికింది. ఆ మధ్య ముప్పై ఏళ్లు ఎలక్ట్రిక్ గిటార్ పరాయి వాద్యం తీగలు కట్టుకుని బతికింది.

తీగ కదలికను విద్యుత్తుగా మార్చే ఈ అయస్కాంతాల అమరికను పికప్ అంటారు. అది ఎలా పనిచేస్తుందో చూస్తే ఈ మాట బోధపడుతుంది. ప్రతి తీగ కిందా ఒక చిన్న అయస్కాంతం. వాటి చుట్టూ వెంట్రుక మందం రాగితీగ ఏడెనిమిది వేల చుట్లు. అయస్కాంతం తన పైనున్న ఉక్కుతీగను కూడా కాస్త అయస్కాంతంగా మారుస్తుంది. తీగ కంపించినప్పుడు చుట్టలో అయస్కాంత క్షేత్రం మారి విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పికప్‌కు గాలిలో శబ్దం అక్కర్లేదు, దానికి తెలిసింది ఉక్కు కదలిక ఒక్కటే. నైలాన్ తీగ కట్టి ఎంత గట్టిగా మీటినా యాంప్లిఫయర్ నుంచి కిక్కురుమనదు. ఫాస్ఫర్ బ్రాంజ్ చుట్టిన అకూస్టిక్ గిటార్ తీగలు కడితే లావు తీగలు నీరసంగా పలుకుతాయి. పైనున్న కంచు చుట్టు అయస్కాంతానికి లేనట్టే లెక్క, లోపలి సన్నటి ఉక్కు ఒక్కటే పలుకుతుంది. అందుకే ఎలక్ట్రిక్ గిటార్ తీగల చుట్టుకు నికెల్ పూసిన ఉక్కో, నికెలో, అయస్కాంతానికి అంటుకునే రకం స్టెయిన్‌లెస్ స్టీలో వాడతారు.

మామూలు గిటార్‌లో తీగ మోసే బాధ్యత వేరు. దాని కంపనం బ్రిడ్జి మీదుగా వెళ్లి చెక్క పలకను ఊపాలి, ఆ పలక గదిలోని గాలిని ఊపాలి. అంత పని చేయాలంటే తీగకు బరువుండాలి, బిగువుండాలి. పికప్ వచ్చాక ఈ చాకిరీ యాంప్లిఫయర్ చేతికి పోయింది. అయస్కాంత క్షేత్రాన్ని కాస్త కదిలిస్తే చాలు, తీగ పని అయిపోయినట్టే. అంటే తీగ తేలికపడటానికి 1932లోనే దారి తెరుచుకుంది. అయినా 1950ల దాకా అంగళ్లలో దొరికినవి అకూస్టిక్ కాలం నాటి లావు తీగలే. మూడో తీగ మీద కూడా చుట్టు ఉండేది. 1936లో గిబ్సన్ తెచ్చిన ఇ.ఎస్.150 మీద చార్లీ క్రిస్టియన్ వాయించిన జాజ్‌లో స్వరాలు సాక్సఫోన్‌లా ధారగా వస్తాయి, గొప్పగా వస్తాయి. కానీ స్వరాన్ని వేలితో పక్కకు లాగి సాగదీయడం ఆ తీగల మీద సులువైన పని కాదు.

ఎందుకు కాదో లెక్క వేసి చూడొచ్చు. గిటారిస్టులు ‘టెన్స్’ అనే సెట్టులో మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యింట పది వంతులు, అంటే మిల్లీమీటరులో పావువంతు. 25.5 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) ఉన్న ఫెండర్ గిటార్ మీద దాన్ని సెకనుకు 330 కంపనాల శ్రుతికి తెస్తే బిగువు సుమారు 7.4 కిలోలు అవుతుంది. మన ఇళ్ల శ్లాబుల్లో వేసే ఎఫ్‌ఇ 500 కడ్డీ ఏ ఒత్తిడి దగ్గర సాగడం మొదలుపెడుతుందో, దానికి దాదాపు మూడు రెట్ల ఒత్తిడిని ఈ సన్నటి తీగ రోజంతా మోస్తూ ఉంటుంది. ఇప్పుడు దాన్ని రెండు ఫ్రెట్ల (మెడ మీది మెట్ల) ఎత్తుకు లాగాలంటే బిగువు మరో 26 శాతం పెరగాలి, అంటే 9.3 కిలోలకు చేరాలి. ‘నైన్స్’ సెట్టులోని మొదటి తీగకు మామూలుగా ఉండే బిగువు 6 కిలోలు. రెండు ఫ్రెట్ల ఎత్తుకు లాగితే 7.5. ఒక్కసారి ఆగి ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి: సన్న తీగను పూర్తిగా లాగిన తర్వాత ఉండే బిగువు, దాని పై మందం తీగ కదలకుండా ఉన్నప్పుడు ఉండే బిగువుకు ఇంచుమించు సమానం. అంగుళంలో వెయ్యోవంతు తేడా వేలి కొసకు ఇంత తేడాగా అందుతుంది. సాదా తీగల్లో ఎంత దూరం లాగాలన్నది మందంతో పెద్దగా మారదు. ఎంత బలంతో లాగాలన్నదే మారుతుంది.

చిత్రమేమిటంటే, ఈ వాద్యం మొదటి నుంచీ కోరుకున్నది జారుడు స్వరాన్నే. బీచమ్ గిటార్ ఒడిలో పెట్టుకుని ఉక్కు ముక్కతో జార్చి వాయించే హవాయి వాద్యం. మిసిసిప్పీ బ్లూస్ గాయకులు సీసా మెడను వేలికి తొడుక్కుని అదే పని చేసేవారు. తనకు దగ్గరి బంధువైన బుక్కా వైట్ స్లైడ్ నాదాన్ని అందుకోవాలని ప్రయత్నిస్తూనే బి.బి. కింగ్ తన ఎడమచేతి కంపితాన్ని తయారు చేసుకున్నాడు. 1950ల చివర్లో జేమ్స్ బర్టన్ లాంటి యువకులు బాంజో తీగలు తెచ్చి గిటార్‌కు కట్టుకోసాగారు. కంపెనీలు ఇవ్వనిదాన్ని వాయించేవాళ్లే పక్క వాద్యం నుంచి అరువు తెచ్చుకున్నారన్నమాట. కాలిఫోర్నియాలోని టర్జానాలో గిటార్ల దుకాణం నడిపిన ఎర్నీ బాల్ దీన్ని కళ్లారా చూశాడు. కొత్తగా నేర్చుకునే పిల్లలు చుట్టున్న మూడో తీగతో పడుతున్న అవస్థ ఆయనకు తెలుసు. 1962లో ‘స్లింకీ’ పేరుతో తేలిక సెట్టును అమ్మడం మొదలుపెట్టాడు. మొదటి తీగ 10, ఆరో తీగ 46. మూడో తీగ మీద చుట్టు లేదు. ఆ తర్వాత పదేళ్ల రాక్ సంగీతంలో సాగే, ఏడ్చే, వణికే స్వరాలను ఈ సన్న తీగలు లేకుండా ఊహించలేం.

తీగ ఆలస్యంగా వచ్చిందనడానికి సాక్ష్యం యంత్రంలోనే మిగిలిపోయింది. రేడియోలు బాగుచేసే వృత్తి నుంచి వచ్చిన లియో ఫెండర్ 1954లో స్ట్రాటోకాస్టర్ తెచ్చాడు. దాని పికప్‌ను దగ్గరగా చూస్తే ఆరు అయస్కాంతాల తలలూ ఒకే ఎత్తులో ఉండవు. మూడో తీగ కిందిది బాగా పైకి పొడుచుకుని ఉంటుంది. చుట్టున్న తీగలో పికప్‌కు ప్రధానంగా వినబడేది లోపలి సన్న ఉక్కు. ఆ లోటు తీర్చడానికే అయస్కాంతాన్ని ఎత్తుగా పెట్టారు. సాదా మూడో తీగ వచ్చాక ఆ ఎత్తు అనవసరమైంది, దాంతో మూడో తీగ మిగతావాటి కంటే గట్టిగా అరుస్తుంది. పాత నమూనాను యథాతథంగా తయారు చేసి అమ్మే గిటార్లలో ఈ ఎగుడుదిగుడు ఈనాటికీ కనబడుతుంది. వాడుకలోంచి పోయిన తీగ కోసం చేసిన ఏర్పాటు అది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. అరవయ్యో దశకపు నాదాన్ని మార్చింది యాంప్లిఫయర్ కాదా, తీగకు అంత ఘనత ఎందుకని. నిజమే, లండన్‌లో జిమ్ మార్షల్ యాంప్లిఫయర్లు మొదలైనవీ ఆ రోజుల్లోనే. శబ్దాన్ని పిండి, చీల్చి, నిమిషాల తరబడి నిలిపిన ఘనత వాటిదే. కానీ యాంప్లిఫయర్ తనకు అందిన స్వరాన్ని నిలపగలదు, దాన్ని కదిలించలేదు. స్వరానికి కదలిక తెచ్చేది వేలే, ఆ వేలికి చోటిచ్చేది తీగే. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ దీనికి మన నేల నుంచి దొరికే రుజువు. మాండొలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. జంటను లాగితే రెండు తీగలూ ఒకే శ్రుతిలో కదలడం కష్టం, గమకం మసకబారుతుంది. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జంటలు తీసేసి, ఐదు ఒంటి తీగలు కట్టారు. జంట తగ్గితే తగ్గే శబ్దాన్ని పికప్ పూడ్చింది. కర్ణాటక సంగీతం అడిగే గమకం అప్పుడు వేలికి లొంగింది. యాంప్లిఫయర్ ఇచ్చిన స్వేచ్ఛను తీగల దగ్గర ఖర్చుపెట్టడం అంటే ఇదే.

లావు తీగకే నాదం బరువుగా ఉంటుందన్న నమ్మకం మరో అభ్యంతరం. ఇందులో కొంత సత్యముంది. ఎక్కువ ఉక్కు కదిలితే ఎక్కువ విద్యుత్తు పుడుతుంది, గట్టిగా మీటినా లావు తీగ శ్రుతి చెదరదు. టెక్సస్‌కు చెందిన స్టీవీ రే వాన్ 13 గేజ్ తీగలు (మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యింట 13 వంతులు) వాడి, శ్రుతిని అర స్వరం దించి వాయించాడు. అదే టెక్సస్‌కు చెందిన జెడ్‌జెడ్ టాప్ బృందంలోని బిల్లీ గిబ్బన్స్ వాడేది 7 గేజ్. ఇద్దరి నాదమూ దళసరిగానే ఉంటుంది. తీగ లావే కారణమైతే రెండోది సాధ్యం కాకూడదు. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్న గిటారిస్టు టోనీ అయోమీ, నొప్పి తట్టుకోవడానికి సన్న తీగలు కట్టి, తర్వాత శ్రుతి దించి వాటిని ఇంకా వదులు చేశాడు. హెవీ మెటల్ అనే బరువైన సంగీతం అంత తేలికైన తీగల మీద మొదలైంది.

చెక్క సంగతేమిటని మూడో ప్రశ్న. మహోగని, ఆల్డర్ అంటూ అమ్మేవాళ్లు చెక్క పేరు మీదే ధర పెంచుతారు. మొదట్లో అమ్మకానికి వచ్చిన ‘ఫ్రయింగ్ పాన్’ అల్యూమినియందని గుర్తుంచుకోండి. 1950లలో డాన్‌ఎలెక్ట్రో వాళ్లు అదిమిన చెక్కపొట్టు పలకతో చేశారు, 1969లో ఆంపెగ్ వాళ్లు పారదర్శకమైన ఆక్రిలిక్‌తో చేశారు. అన్నీ ఎలక్ట్రిక్ గిటార్‌లానే పలికాయి. జిమ్ లిల్ అనే నాష్‌విల్ గిటారిస్టు ఒళ్లూ మెడా లేకుండా రెండు బల్లల మధ్య తీగలు బిగించి, పికప్ పెట్టి వినిపించిన నాదాన్ని అసలు గిటార్ నుంచి వేరుచేయడం కష్టం. చెక్క ప్రభావం సున్నా అని నేననను. మెడ ఒక ప్రత్యేక శ్రుతిలో తానూ ఊగితే తీగ శక్తిని లాగేసుకుంటుంది, ఆ ఫ్రెట్ దగ్గర స్వరం త్వరగా చచ్చిపోతుంది. దాన్ని ‘డెడ్ స్పాట్’ అంటారు, కొనేముందు ప్రతి ఫ్రెట్ మీటి చూసుకోవాల్సింది అందుకే. అయితే తీగ గేజ్, పికప్ ఉన్న చోటు, అది తీగకు ఎంత దగ్గరన్నది తెచ్చే తేడా ముందు చెక్క జాతి తెచ్చే తేడా చిన్నది.

కాబట్టి రెండు గిటార్లను పోల్చేటప్పుడు బ్రాండు కంటే ముందు స్కేల్ చూడాలి. ఫెండర్ స్కేల్ 25.5 అంగుళాలు, గిబ్సన్ లెస్ పాల్‌ది 24.75. ఒకే తీగ, ఒకే శ్రుతి అయినా గిబ్సన్ మీద బిగువు సుమారు 6 శాతం తక్కువ. ఫెండర్ మీద నైన్స్, గిబ్సన్ మీద టెన్స్ కట్టే వాడుక ఊరికే రాలేదు. శ్రుతి కిందికి దించి వాయించాలనుకుంటే ఒక మెట్టు లావు తీసుకోవచ్చు, లేకపోతే వేళ్లు నొప్పి పుట్టేంత లావు ఎవరికీ అవసరం లేదు. మరీ సన్నవి తీసుకుంటే గట్టిగా నొక్కినప్పుడు శ్రుతి పైకి తప్పుతుంది, ఆ జాగ్రత్త వేలు నేర్చుకోవాలి. గేజ్ మార్చిన ప్రతిసారీ మెడ వంపు, బ్రిడ్జి దగ్గర శ్రుతి సరిచూసుకోవాలి. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉక్కుతీగ తొందరగా తుప్పు పడుతుంది, వాయించాక పొడిగుడ్డతో తుడవండి. ఇక అంగడికి వెళ్లేటప్పుడు జేబులో ఒక టేపు పెట్టుకోండి. మెడ పైకొసన తీగలు ఆనే నట్ నుంచి 12వ ఫ్రెట్ దాకా కొలిచి రెట్టింపు చేస్తే అదే ఆ గిటార్ స్కేల్. ఏ తీగ కొనాలో ఆ అంకె తెలిశాకే నిర్ణయించండి.