ఫోన్‌కీ వడదెబ్బే!

మే నెల, మిట్టమధ్యాహ్నం. బైక్‌కి బిగించిన ఫోన్‌లో మ్యాప్ నత్తనడక నడుస్తుంది. మలుపు దాటిపోయాక ‘ఎడమకు తిరగండి’ అంటుంది. డెలివరీ కుర్రాళ్లకి ఎండాకాలమంతా ఇదే గోల. ఫోన్ పాడైందేమో, మార్చేద్దామా అనుకుంటారు. ఆగండి! చాలాసార్లు అది పాడవలేదు, తనను తాను కాపాడుకుంటోందంతే.

ఆండ్రాయిడ్ లోపల ఉండేది లైనెక్స్ కెర్నల్. ప్రాసెసర్ ఎంత వేగంతో నడవాలన్న పెత్తనం అందులోని ‘సీపీయూఫ్రీక్’ది. పని ఉంటే వేగం పెంచుతుంది, లేకపోతే తగ్గిస్తుంది. బాగా వేగం కావాలంటే వోల్టేజీ కూడా పెంచాలి. చిక్కంతా అక్కడే! వోల్టేజీ రెట్టింపైతే, వేగం అంతే ఉన్నా సరే, పని మీద ఖర్చయ్యే విద్యుత్తు దాదాపు నాలుగింతలవుతుంది. అదంతా చివరికి వేడే. ల్యాప్‌టాప్‌కైతే ఫ్యాను ఉంటుంది, చాలా ఫోన్లకు అదీ లేదు. అందుకే సెన్సర్‌లో వేడి గీత దాటగానే కెర్నల్ వేగానికి కళ్లెం వేస్తుంది. ఇదే థర్మల్ థ్రాట్లింగ్.

ఫ్యాను ఉన్నా ఒక్కోసారి ఇదే తంతు. 2018లో యాపిల్ తెచ్చిన మ్యాక్‌బుక్ ప్రో, అందులోనూ ఖరీదైన కోర్ ఐ9 మోడల్, బరువైన పని పెడితే చతికిలబడింది. వేడిని చూసుకునే ఫర్మ్‌వేర్‌లో ఒక డిజిటల్ కీ లేదని కంపెనీయే ఒప్పుకుని, జులైలో అప్‌డేట్ ఇచ్చింది. లక్షలు పోసి కొన్నాక ఇదేం ఖర్మ!

ఇక మన కుర్రాడి సంగతి. ఫోన్ కాలిపోతోందని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు తమ్ముడూ, లోపల చెమ్మ పడుతుంది. ఎండలో ఛార్జింగ్ ఆపు. పౌచ్ తీసి కాసేపు చెట్టు నీడన ఉంచు. నువ్వూ ఆ నీడలోనే ఇన్ని మంచినీళ్లు తాగు.