కంప్యూటరులో ఫైలు తెరుచుకోనప్పుడు సంఘ కార్యదర్శులు గమనించవలసిన విషయాలు

నేడు అనేక పాల సంఘాలలో పాల కొలత, వెన్న శాతం, సభ్యుల బిల్లులు అన్నీ కంప్యూటరులోనే ఉంటున్నవి. అందువల్ల బట్వాడా సమయంలో ఒక్క ఫైలు తెరుచుకోకపోయినా సభ్యుల సొమ్ము ఆగిపోతుంది. ఆ తొందరలో ఫైలును తుడిచివేయడం, పేరు మార్చడం, చివరకు కంప్యూటరును ఫార్మాట్ చేయించడం వరకు పోతుంటారు. తెరుచుకోని ఫైలు చాలా సందర్భాలలో చెడిపోయిన ఫైలు కాదు. కంప్యూటరు దానికి తగని ప్రోగ్రామును పిలిచి ఉంటుంది.

ఫైలుకు, ప్రోగ్రాముకు గల సంబంధం

ఫైలు పేరులో చివరి చుక్క తరువాత వచ్చే అక్షరాలను ఎక్స్‌టెన్షన్ అంటారు. ఫైలును ఏ ప్రోగ్రాముతో తెరవవలెనో విండోస్ ఈ అక్షరాలను బట్టి నిర్ణయిస్తుంది. లోపల ఏమున్నదీ చూడదు. శీతల కేంద్రంలో క్యాను మీది నంబరును చూసి అది ఏ సంఘానిదో చెప్పడం వంటిదే ఇది. నంబరు మార్చి వ్రాసినంత మాత్రాన క్యానులోని పాలు మారవు. అట్లే ఎక్స్‌టెన్షన్ మార్చినందువల్ల ఫైలు వేరొక రకం కాదు.

కొత్తగా ఎక్కించిన సాఫ్ట్‌వేర్ కొన్ని రకాల ఫైళ్లను తనకు కేటాయించుకొనవచ్చు. చిక్కు సాధారణంగా ఇక్కడే మొదలవుతుంది.

సరిచేసే విధానం

1. ముందుగా ఫైలు నకలును పెన్‌డ్రైవ్‌లో తీసుకొనవలెను.

2. ఫైలు మీద మౌస్ కుడి బటను నొక్కి 'ప్రాపర్టీస్' తెరవాలి. 'ఓపెన్స్ విత్' అన్నచోట ఏ ప్రోగ్రాము పేరు ఉన్నదో చూడాలి.

3. అది తప్పు అయితే పక్కనే ఉన్న 'ఛేంజ్' నొక్కి సరైన ప్రోగ్రామును ఎంచుకొనవలెను.

4. తగని ప్రోగ్రాములో ఫైలు తెరుచుకుంటే 'సేవ్' చేయక మూసివేయాలి.

బ్యాంకు ఫైలు విషయంలో జాగ్రత్త

నాలుగవ సూచన సభ్యుల సొమ్ముకు సంబంధించినది. బ్యాంకుకు పంపే జాబితా తరచుగా సి.ఎస్.వి. ఫైలుగా ఉంటుంది. ఎక్సెల్ ఉన్న కంప్యూటరులో దానిని రెండుసార్లు నొక్కితే సాధారణంగా ఎక్సెల్‌లోనే తెరుచుకుంటుంది. అప్పుడు ఖాతా నంబరు ముందున్న సున్నాలు పోతాయి. 0042 అనే సభ్యుని నంబరు 42 అవుతుంది. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలను మాత్రమే నిలుపుతుంది. ఖాతా నంబరులో 16 అంకెలు ఉంటే చివరి అంకె సున్నాగా మారుతుంది. దానిని సేవ్ చేసిన పిమ్మట ఆ ఫైలు నుండి అసలు నంబరును తిరిగి రాబట్టలేము. అటువంటి జాబితా పంపితే బ్యాంకు తిప్పి పంపవచ్చు, లేదా సొమ్ము వేరొకరి ఖాతాకు పోవచ్చు.

కనుక ఫైలును చూడడానికి మాత్రమే అయితే నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అందులో అంకెలు మారవు. ఎక్సెల్ తప్పనిసరి అయితే 'డేటా' మెనూలోని 'ఫ్రం టెక్స్ట్ / సి.ఎస్.వి.' ద్వారా తీసుకొని, 'డేటా టైప్ డిటెక్షన్' దగ్గర 'డు నాట్ డిటెక్ట్ డేటా టైప్స్' అని ఎంచుకొనవలెను.

సాఫ్ట్‌వేర్ ఎక్కకపోతే

మొదట అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఉన్నదా అని చూడాలి. అది లేకుండా చాలా ప్రోగ్రాములు ఎక్కవు. 64 బిట్ సాఫ్ట్‌వేర్ 32 బిట్ విండోస్‌లో పనిచేయదు. ఈ వివరం 'సిస్టమ్' క్రింద 'అబౌట్'లో కనబడుతుంది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. పాత విండోస్‌ను కొత్త సాఫ్ట్‌వేర్ అంగీకరించకపోవచ్చు.

పాత సాఫ్ట్‌వేర్‌ను తీసివేసే ముందు అందులోని లెక్కల నకలు తప్పక ఉంచుకొనవలెను. కొన్ని ప్రోగ్రాములు లెక్కలను తమ ఫోల్డరులోనే దాచుకుంటాయి. ఫోల్డరు పోతే లెక్కలూ పోతాయి. ఎవరో ఫోనులో చెప్పారని యాంటీవైరస్ ఆపివేయరాదు. బట్వాడాకు ముందు రెండు మూడు రోజులలో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించరాదు.

తెరమీద వచ్చిన సందేశాన్ని ఉన్నది ఉన్నట్లుగా పుస్తకంలో వ్రాసి ఉంచండి. 'పనిచేయడం లేదు' అని మాత్రమే తెలిపితే కంప్యూటరు విభాగం వారికి కారణం తెలియదు. బ్యాంకుకు జాబితా పంపే ముందు కనీసం పదిమంది సభ్యుల ఖాతా నంబర్లను పాసు పుస్తకాల నకళ్లతోను, మొత్తం సొమ్మును బిల్లుల మొత్తంతోను సరిచూడవలసినదిగా కార్యదర్శులకు మనవి.