గేటు పడితేనే సిగ్నలు

పామర్రులో రైలుస్టేషను లేదు. పామర్రు పిల్లలు రైలెక్కాలంటే గుడివాడ వెళ్ళాలి. అక్కడి నుంచి ఒక దారి బెజవాడకు, ఒకటి బందరుకు, ఇంకొకటి భీమవరానికి పోతాయి. ఆ దారుల్లో ఏదో ఒక గేటు దగ్గర, గేటు పడి ఉండగానే సైకిలు వంచి కింద నుంచి దూరిపోయేవాళ్ళను మీరు చూసే ఉంటారు. (మీలో ఎవరైనా దూరారా అని నేను అడగను.) రైలు ఇంకా చాలా దూరంలో ఉందిలే అని వాళ్ళ ధీమా. ఆ దూరమెంతో లెక్కకట్టి చూద్దామా?

వరిగడ్డి వేసుకుని ఒక ట్రాక్టరు పట్టాలు దాటుతున్నదనుకోండి. ఎగుడుదిగుడు దారి కనుక వేగం గంటకు 5 కిలోమీటర్లే. అంటే సెకనుకు 1.4 మీటర్లు. ట్రాక్టరూ ట్రక్కూ కలిపి 10 మీటర్ల పొడవు. రెండు లైన్లూ, వాటి అంచులూ కలిపి 12 మీటర్లు. ఈ 22 మీటర్లు కదలడానికి సుమారు 16 సెకన్లు కావాలి. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు 25 మీటర్లు పోతుంది. 16 సెకన్లలో 400 మీటర్లు!

డ్రైవరు బ్రేకు వేయడా అంటారు. వేస్తాడు. కాని ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. ఉక్కు మీద ఉక్కు దొర్లేటప్పుడు నిరోధం కూడా చాలా తక్కువ కాబట్టే ఒక్క ఇంజను వేల టన్నులను లాగగలుగుతున్నది. కాని పట్టు తక్కువ కనుక అంత బరువైన రైలును ఆపడం కష్టం. ఆ వేగంలో బ్రేకు వేస్తే ఆగేసరికి అరకిలోమీటరు దాటిపోతుంది.

పైగా మన కళ్ళు కూడా మోసం చేస్తాయి. దిగుతున్న పెద్ద విమానం గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తుంది కదూ? పెద్ద వస్తువు అసలు వేగం కన్నా నెమ్మదిగా వస్తున్నట్టు తోస్తుందనీ, రైలుగేట్ల ప్రమాదాలకు ఇదొక కారణమనీ అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హెర్షెల్ లీబోవిట్జ్ 1985లో వివరించాడు. ఎదురుగా వచ్చే రైలు పక్కకు జరగదు, కాస్త పెద్దదవుతుందంతే. అది చూసి వేగాన్ని అంచనా వేయడం ఎవరితరమూ కాదు.

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని గేటు దగ్గర బడిబస్సును రైలు ఢీకొని పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. 2019 జనవరి కల్లా మన దేశంలో బ్రాడ్‌గేజి మార్గాలన్నిటిపైనా కాపలా లేని గేట్లను ఎత్తివేశారు. అయితే కాపలా ఒక్కటే చాలదు. 2025 జులై 8న తమిళనాడులోని కడలూరు దగ్గర గేట్‌మన్ ఉన్న గేటులోనే బడివ్యాను రైలుకింద పడి ముగ్గురు విద్యార్థులు పోయారు. ఆ గేటుకు సిగ్నలుతో సంబంధం లేదు. అలాంటి చోట్ల స్టేషను మాస్టరు ఫోను చేస్తే గేట్‌మన్ గేటు వేయాలి. అంతా మనుషుల మాట మీదే నడుస్తుంది.

సంబంధం కలపడం ఎలాగో చూడండి. గేటు దించి తాళం వేస్తేనే దాని తాళంచెవి బయటికి వస్తుంది. ఆ చెవిని సిగ్నలు పెట్టెలో పెట్టి తిప్పితేనే రైలుకు పచ్చదీపం. పచ్చదీపం వెలుగుతున్నంతసేపూ చెవి అక్కడే చిక్కుకుని ఉంటుంది. ఇక గేటు తీద్దామన్నా తీయలేరు. గేట్‌మన్ మరిచిపోతే రైలు ఆలస్యమవుతుంది, అంతే. నాకు ఈ ఏర్పాటు చాలా ఇష్టం. మతిమరుపును కూడా లెక్కలో వేసుకున్న యంత్రమిది.

ఇప్పుడు మరో చిక్కు. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో దాదాపు 45 కిలోమీటర్ల లైను వేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో దాన్ని తీసేశారు. మళ్ళీ కొత్తగా వేసి రైలు నడిపింది 2004లో! ఆ మధ్య కాలంలో పిల్లలు తాతలైపోయి ఉంటారు. పట్టాలు అటూ ఇటూ చూసి దాటాలన్న అలవాటు ఏ ఊళ్ళోనైనా అన్నేళ్ళు నిలుస్తుందా?

పట్టాలు తీయకుండా వదిలేసిన లైన్లలో ఇంకో తంటా ఉంది. 1872లో విలియమ్ రాబిన్సన్ కనిపెట్టిన పద్ధతిలో రెండు పట్టాలలో కొద్దిపాటి విద్యుత్తు పారిస్తారు. రైలు వస్తే చక్రాలు, ఇరుసు ఆ రెండు పట్టాలనూ కలిపేస్తాయి. విద్యుత్తు అడ్డదారి పట్టి, రిలే ఊడి, "లైనులో రైలుంది" అని తెలుస్తుంది. తీగ తెగినా అదే సూచన వస్తుంది. అంటే చెడిపోయినా క్షేమం వైపే చెడిపోతుంది. కాని రైళ్ళు తిరగని పట్టా తుప్పు పడుతుంది. తుప్పు విద్యుత్తును సరిగా పోనివ్వదు. అప్పుడు చక్రాలు పట్టాల మీద ఉన్నా రైలు లేనట్టే లెక్క! అందుకని తుప్పు రాలిపోయేలా ఇంజన్లను తిప్పాలి, లేదా చక్రాలను లెక్కపెట్టే పరికరాలు అమర్చాలి.

గేటే లేకుండా, రోడ్డును పట్టాల కింద నుంచి పోనిస్తే? వినడానికి బాగుంది. కాని మన డెల్టాలో కాస్త తవ్వితే నీళ్ళు. ముసురు పట్టిందంటే ఆ దారి చెరువే. వంతెన ఎత్తుదామంటే నల్లరేగడి నానితే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. పునాది లోతుకు దించాలి, ఖర్చు పెరుగుతుంది. బందరు నుంచి రేపల్లెకు రైలు కావాలని దివిసీమవాసులు ఎంతోకాలంగా అడుగుతున్నారు. ఆ లైను వస్తే కాలవగట్ల మీద పోయే ప్రతి డొంక దగ్గరా ఇంజనీర్లు తేల్చుకోవలసిన లెక్క ఇదే: వంతెనా, కింది దారా? కింది దారయితే, శ్రావణమాసంలో ఆ నీళ్ళు తోడేదెవరు?