ఫార్మాట్ నొక్కేశాక ఏం చేయాలి?

ఈ వారం ఎపిసోడ్‌లో దమ్మామ్ నుంచి ఒక తమ్ముడి వాయిస్ మెసేజ్ విన్నారు కదా. పాస్‌పోర్టు, అకామా కాపీలు, నాలుగేళ్ల జీతం స్లిప్పులు, పాప పుట్టినప్పటి వీడియోలు... అన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో పెట్టి, మొత్తానికి వెరాక్రిప్ట్‌తో తాళం వేసుకున్నాడు. రూమ్‌లో ఇంకొకరి లాప్‌టాప్‌కి పెట్టగానే "ఫార్మాట్ చేయాలి" అని అడిగింది. రూమ్మేట్ సరే అని నొక్కేశాడు. ఇప్పుడు పాస్‌వర్డ్ కరెక్టుగా కొట్టినా తప్పంటోంది. ఆడియోలో హడావుడిగా చెప్పింది ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

తాళం వేసిన డ్రైవ్ విండోస్‌కి అర్థంలేని అక్షరాల కుప్పలా కనిపిస్తుంది. అందుకే ఫార్మాట్ అడుగుతుంది. అందులో వింతేమీ లేదు.

మీ పాస్‌వర్డ్ నేరుగా ఫైళ్లను తెరవదు. డ్రైవ్ మొదట్లో హెడర్ అని చిన్న భాగం ఉంటుంది. అసలు తాళంచెవి దాంట్లో ఉంటుంది, పాస్‌వర్డ్ తెరిచేది ఆ డబ్బానే. క్విక్ ఫార్మాట్ సరిగ్గా ఆ మొదటి చోటే రాస్తుంది. అంటే చెవి పోయింది గానీ, సామాను చాలావరకు లోపలే ఉంది. అదృష్టం ఏంటంటే, వెరాక్రిప్ట్ హెడర్ కాపీ ఒకటి డ్రైవ్ చివర్లో కూడా దాస్తుంది. క్విక్ ఫార్మాట్ మామూలుగా దాని జోలికి పోదు.

ఫుల్ ఫార్మాట్ అయితే వేరే కథ. విస్టా కాలం నుంచి అది డ్రైవ్ అంతా సున్నాలు రాసేస్తుంది. అది పూర్తయిపోతే ఏ షాపువాడు "తీసిస్తా" అన్నా డబ్బులివ్వకండి. ఇంకా నడుస్తుంటే వెంటనే ఆపేయండి.

మొదటి పని ఏమీ చేయకపోవడం. దాంట్లోకి ఒక్క ఫైల్ కూడా కాపీ చేయొద్దు, చెక్‌డిస్క్ నడపొద్దు. తెలిసినవాళ్లుంటే డ్రైవ్ మొత్తానికి ఇంకో డిస్క్‌లో ఇమేజ్ తీయించండి. తర్వాత వెరాక్రిప్ట్‌లో అదే పార్టిషన్ ఎంచుకుని, మౌంట్ ఆప్షన్స్‌లో చివరున్న బ్యాకప్ హెడర్ వాడమనే దానికి, రీడ్-ఓన్లీకి టిక్ పెట్టి పాస్‌వర్డ్ కొట్టండి. ఇలా చేస్తే డ్రైవ్ మీద ఏమీ రాయదు. తెరుచుకుంటే ముందు ఫైళ్లు వేరే డిస్క్‌లోకి లాగేయండి. టూల్స్ మెనూలోని రిస్టోర్ వాల్యూమ్ హెడర్ ఆ తర్వాతే.

తెరుచుకున్నా లోపల ఖాళీగా కనిపిస్తే భయపడకండి. ఫోటోరెక్‌తో వెతికించండి. పేర్లు పోతాయి, ఫోటోలు వస్తాయి.

బిట్‌లాకర్ వాడేవాళ్లకి రిపేర్-బీడీఈ అనే టూల్ విండోస్‌లోనే ఉంది, 48 అంకెల రికవరీ కీ కావాలి. కోలుకున్న డేటా రాసే డిస్క్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, కాబట్టి ఖాళీది పెట్టండి.

పాస్‌వర్డే మర్చిపోతే మాత్రం దారి లేదు.

డ్రైవ్ బాగున్నవాళ్లు ఈ రోజే బ్యాకప్ వాల్యూమ్ హెడర్ తీసి ఇంటికి పంపుకోండి, చిన్న ఫైలే. ఒక్క జాగ్రత్త: రేపు పాస్‌వర్డ్ మార్చినా, ఆ పాత ఫైల్, పాత పాస్‌వర్డ్ రెండూ దొరికినవాడు డ్రైవ్ తెరవగలడు.

తమ్ముడిది క్విక్ ఫార్మాటే. నిన్న రాత్రి డ్యూటీ దిగాక చివరి హెడర్‌తో తెరుచుకుందట. అకామా కాపీలు వచ్చాయి. వీడియోలు ఇంకా కాపీ అవుతున్నాయన్నాడు.