పిరికి కుక్కకు మూడో పట్టీ

పటాన్‌చెరు, ఇస్నాపూర్‌ల మీదుగా సంగారెడ్డి వెళ్లే ముంబయి హైవే పక్క కాలనీల్లో సాయంత్రం పూట కుక్కను బయటికి తీసుకెళ్లడమంటే మాటలు కాదు. లారీల ఎయిర్‌హారన్లు, కార్మికుల్ని దింపే బస్సులు, ఏదో కంపెనీ సైరను... ధైర్యమున్న కుక్కయితే ఓసారి చెవులు రిక్కించి నడక సాగిస్తుంది. పిరికిదైతే ఠక్కున ఆగిపోతుంది. తల దించి నాలుగడుగులు వెనక్కి వేస్తుంది. మరుక్షణం మీ చేతిలో ఖాళీ బెల్టు వేలాడుతుంటుంది. కుక్క మాత్రం రోడ్డు మీద!

ఆ పూటకి ప్రాణంతో దొరికితే, మర్నాడే వెళ్లి ఇంకా మందమైన బెల్టు కొంటాం. పొరపాటంతా అక్కడే ఉంది. బెల్టు తెగలేదు, జారింది. పలుపుతాడు వదులుగా కడితే ఆవు వెనక్కి తగ్గి తల తప్పించుకున్నట్టే ఇదీను. మెడబెల్టు బిగిద్దామంటే ఊపిరాడదు. బాడీ బెల్టు వేస్తే సరిపోతుందా అంటే, అన్ని బాడీ బెల్టులూ సరిపోవు.

ఎందుకంటే కుక్కకు మనకున్నట్టు పూర్తిస్థాయి కాలర్‌బోన్ ఉండదు. ముందుకాళ్లు ఛాతీకి కండరాలతోనే అతుక్కుని ఉంటాయి. భయపడి వెనక్కి గుంజుకున్నప్పుడు భుజాలు దగ్గరికి ముడుచుకుపోతాయి. ఒక మోచెయ్యి బయటపడిందంటే మిగతా ఒళ్లంతా చొక్కా విప్పినట్టు వచ్చేస్తుంది. లోతైన ఛాతీ, సన్నని నడుము, కోల తల ఉన్న మన నాటు కుక్కలకు ఇది మరీ సులువు.

పెట్ షాపుల్లో మామూలుగా దొరికే బాడీ బెల్టుకు మెడ చుట్టూ ఒకటి, ముందుకాళ్ల వెనక ఒకటి... రెండే పట్టీలుంటాయి. పిరికి కుక్కకు కావాల్సింది మూడో పట్టీ. అది పక్కటెముకలన్నీ దాటాక, నడుము సన్నబడే చోట కూర్చోవాలి. కుక్క వెనక్కి ఎంత గుంజుకున్నా ఆ చిన్న చుట్టు వెడల్పైన పక్కటెముకల మీదుగా ముందుకు రాలేదు. రహస్యమంతా ఇంతే!

టేపు తీసుకోండి

బరువు చూసి మీడియమో, లార్జో కొనెయ్యకండి. దర్జీ టేపుతో కొలవండి. మెడ మొదలు చుట్టూ, ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ, చివరి పక్కటెముక తర్వాత నడుము చుట్టూ. వీపు మీద భుజాల నుంచి నడుము దాకా పొడవు కూడా చూడాలి. అది పొట్టిగా ఉంటే మూడో పట్టీ పక్కటెముకల మీదే ఆగిపోతుంది, ఉండీ లేనట్టే. తల మీదుగా తొడిగేది కాకుండా మెడ దగ్గరా క్లిప్పున్నది ఎంచుకుంటే మంచిది. తల మీదికి చెయ్యొస్తేనే ముడుచుకుపోయే కుక్కలుంటాయి మరి.

వేశాక ప్రతి పట్టీ కిందా రెండు వేళ్లు దూరాలి, అరచెయ్యి దూరకూడదు. చంకలో ఒరుసుకుంటే పుండు పడుతుంది. మగకుక్కకైతే నడుము పట్టీ మరీ వెనక్కి పోయి మూత్రం పోసే చోట తగలకుండా చూడాలి. ఇక అసలు పరీక్ష: ఇంట్లో తలుపులేసి, కుక్కకు ఎదురుగా నిలబడి మెల్లగా మీ వైపు లాగండి. అది వెనక్కి తగ్గుతుంది. అప్పుడు మోచెయ్యి పట్టీలోంచి బయటికొస్తే మళ్లీ సర్దండి.

మూడు పట్టీలది దొరక్కపోతే? మన ఊళ్లలో బండి సీట్లు కుట్టేవాళ్లున్నారు, బ్యాగులు బాగుచేసేవాళ్లున్నారు. ఉన్న బెల్టుకే వెడల్పాటి నైలాన్ పట్టీ, గట్టి క్లిప్పు వేసి కుట్టమనొచ్చు. చతురస్రంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా మరో కుట్టు వేయమని చెప్పండి. కుక్కను వెంట తీసుకెళ్లి కొలతలిస్తే మేలు అనుకుంటాం గానీ, పిరికిదాన్ని ఆ షాపు ముందు నిలబెట్టడం కన్నా కొలతల చీటీ నయం.

తొందరపడితే మొదటికే మోసం

ఫ్యాక్టరీ గేటు దగ్గర పుట్టి, వాచ్‌మన్ పెట్టిన అన్నం తిని పెరిగిన కుక్కను తెచ్చుకున్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మూడో వారం నుంచి సుమారు మూడు నెలల వయసు దాకా చూసినదే కుక్కకు మామూలు లోకం. ఆ తర్వాత ఎదురయ్యే ప్రతిదాన్నీ అనుమానిస్తుంది, కొత్త బెల్టుతో సహా.

పావ్‌లోవ్ అనగానే గంట, లాలాజలం గుర్తొస్తాయి కదా! పట్టీలు వేసి బల్ల మీద నిలబెడితే విపరీతంగా గింజుకునే ఓ కుక్క గురించి కూడా ఆ రష్యా శాస్త్రవేత్త 1917లో చెప్పాడు. దానికి తిండి ఆ బల్ల మీదే పెట్టించాడు. మొదట్లో సరిగా తినక చిక్కిపోయినా, నెలలు గడిచేసరికి అక్కడ కుదురుగా నిలబడింది. మనం దాన్ని చిక్కబెట్టక్కర్లేదు. తొలిరోజు బెల్టును అన్నం గిన్నె పక్కన పెట్టండి, చాలు. మర్నాడు వీపు మీద ఆనించి చికెన్ ముక్క, తర్వాత క్లిప్పు శబ్దం వినిపించి ఇంకో ముక్క. ఇలా వారమైనా, పది రోజులైనా పట్టనివ్వండి. వాడనప్పుడు విప్పెయ్యాలి, లేకపోతే కొరికేస్తుంది.

రోడ్డెక్కే రోజున తాడుకు రెండు కొక్కాలుండాలి. ఒకటి వీపు మీది రింగుకు, రెండోది మెడబెల్టుకు. ఒకటి తప్పినా రెండోది ఉంటుంది. బటన్ నొక్కితే సాగే తాడు మాత్రం వద్దు. చెయ్యి జారితే దాని ప్లాస్టిక్ పిడి టకటకమంటూ వెంటపడుతుంది. పాపం, దాన్ని చూసే కుక్క ఇంకా పరుగెడుతుంది. పట్టీలు వాడే కొద్దీ వదులవుతాయి కాబట్టి గేటు దాటే ముందే రోజూ రెండు వేళ్లూ పెట్టి చూసుకోవాలి. దీపావళి వారంలో అయితే నడక తెల్లవారుజామునే ముగించండి.

ఇంత చేసినా తప్పించుకుంటే వెంట పరుగెత్తకండి. తరిమేకొద్దీ హైవే మీదికి పోతుంది. పక్కకు తిరిగి కూర్చుని మెల్లగా పిలవండి, ఇంటి గేటు తెరిచి ఉంచండి. మెడబెల్టు బిళ్ల మీద దాని ముద్దుపేరు లేకపోయినా ఫర్వాలేదు, మీ ఫోన్ నంబరు పెద్ద అంకెల్లో ఉండాలి. రుద్రారం దగ్గర టీ కొట్టు ముందు దాన్ని చూసిన లారీ డ్రైవరుకు కావాల్సింది ఆ నంబరే.