ఐదు తలాంతులా, రెండా?

అమెరికాలోని వర్జీనియాలో ఉన్న మన తెలుగు కుటుంబాల ప్రార్థన మనవుల్లో థామస్ జెఫర్సన్ సైన్స్ హైస్కూల్ సీటు ఒకటి. అక్కడ ప్రవేశ పరీక్షను 2020లో ఎత్తివేశారు. ఇప్పుడు విద్యార్థి ఎనిమిదో తరగతిలో కనీసం ఆల్జీబ్రా 1 చదువుతుండాలి, జీపీఏ 3.5కు తగ్గకూడదు, వ్యాసాలు రాయాలి. ప్రతి మిడిల్ స్కూలుకూ అక్కడి ఎనిమిదో తరగతి పిల్లల్లో 1.5 శాతానికి సమానమైన సీట్లు కేటాయిస్తారు.

అంటే ఆల్జీబ్రా 1 గడప మాత్రమే. ఇష్టంగా జామెట్రీకో, ఆల్జీబ్రా 2కో వెళ్లే బిడ్డను ఆపనక్కరలేదు. కానీ పొరుగింటి పిల్లను చూసి, సిద్ధంగా లేని మన బిడ్డను ముందుకు తోస్తే గ్రేడు జారి, ఆ 3.5 దగ్గరే ఆగిపోవచ్చు.

మత్తయి 25వ అధ్యాయంలో ఐదు తలాంతులవాడూ రెండు తలాంతులవాడూ యజమాని నోట ఒకే మెప్పు పొందారు. మరి మన సంఘాల్లో? సీటు వచ్చిన బిడ్డచేత సాక్ష్యం చెప్పిస్తాం, చప్పట్లు కొడతాం. రాని బిడ్డ వెనక వరుసలో తల వంచుకుని కూర్చుంటుంది. ఈ ఆదివారం ముందుగా ఆ బిడ్డ దగ్గరికి వెళ్దాం.