తుప్పు కాదు... తెల్ల చిలుము!

‘అల్యూమినియం బాడీ సార్, తుప్పు అన్న మాటే ఉండదు!’

సెకండ్ హ్యాండ్‌లో ఖరీదైన కారు కొందామని వెళ్లినవారికి ఈ మాట ఎక్కడో ఒకచోట వినపడే ఉంటుంది. అమ్మేవాడు అబద్ధమేమీ చెప్పడం లేదు. తుప్పంటే ఇనుముకు పట్టే ఎర్ర జబ్బు. రేకులో ఇనుమే లేనప్పుడు తుప్పెక్కడిది? కానీ అదే కారును విశాఖలోనో కాకినాడలోనో సముద్రానికి దగ్గర్లో ఉంచండి. తలుపు అంచున ఓ చిన్న గీత పడి, ఎవరూ పట్టించుకోలేదనుకుందాం. కొన్నాళ్లకు ఆ గీత చుట్టూ రంగు పొక్కులు లేస్తుంది. గోటితో గీకితే పెచ్చు ఊడి, కింద తెల్లటి పొడి కనిపిస్తుంది. అల్యూమినియానికి పట్టే చిలుము అదే. ఎర్రగా కాకుండా తెల్లగా వస్తుంది, అంతే తేడా!

ఖరీదైన కార్ల గొడవ మనకెందుకు అనుకోనక్కర్లేదు. ఇప్పుడు మామూలు కార్లకూ, మోటారు సైకిళ్లకూ ఉండే అల్లాయ్ చక్రాలు చాలావరకు అల్యూమినియంతో చేసినవే. వాటి అంచుల దగ్గర మెరిసే పూత కింద పురుగు పాకినట్టు తెల్లటి సన్నని గీతలు కనిపిస్తే, అదీ ఈ జబ్బే.

అమ్మమ్మకు తెలిసిన రసాయన శాస్త్రం

సత్తు గిన్నెలో చింతపండు పులుసు రాత్రంతా ఉంచొద్దు, ఊరగాయ అసలే పెట్టొద్దు... ఇలాంటి జాగ్రత్తలు మన వంటిళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే. ఆ గిన్నె అల్యూమినియానిదే. కొన్ని ఊళ్లలో సిల్వర్ గిన్నె అంటారు. పులుపూ ఉప్పూ కలిసి ఆ గిన్నెను ఏం చేస్తాయో, వాన నీరూ సముద్రపు గాలీ కలిసి కారు రేకును అదే చేస్తాయి.

నిజానికి అల్యూమినియం మహా చురుకైన లోహం. గాలి తగిలిన మరుక్షణమే ఆక్సిజన్‌తో కలిసి తన మీద తానే ఓ పొర కప్పుకుంటుంది. ఆ పొర మందం కొన్ని నానోమీటర్లే. తల వెంట్రుక మందంలో సుమారు పదివేలో వంతు. ఇనుముకు పట్టిన తుప్పు పెచ్చులుగా రాలిపోయి, కింద ఉన్న కొత్త ఇనుమును మళ్లీ గాలికి అప్పగిస్తుంది. ఇక్కడ అలా కాదు. పొర గట్టిగా అతుక్కుని ఉండి, లోపలి లోహాన్ని కాపాడుతుంది. గీత పడినా మళ్లీ అల్లుకుంటుంది.

ఇంత మంచి కవచానికీ శత్రువులున్నారు. ఘాటైన ఆమ్లం ఒకటి, ఘాటైన క్షారం మరొకటి. పీహెచ్ 4 నుంచి 8.5 మధ్య ఉన్నంతసేపూ ఆ పొర నిలకడగా ఉంటుంది. అటూ ఇటూ దాటితే కరిగిపోతుంది. అందుకే చాకలి సోడా కలిపిన నీళ్లతో అల్లాయ్ చక్రాలు తోమడం మంచిది కాదు. పచ్చి సిమెంటు, సున్నం చిందినా వెంటనే కడిగేయాలి. మూడో శత్రువు ఉప్పు. అందులోని క్లోరైడ్ పొరలో బలహీనంగా ఉన్న చోటు చూసుకుని, సూదిమొనంత గుంట చేసి లోపలికి దిగుతుంది. పైకి చుక్కలా కనిపించినా లోపల లోతుగా ఉంటుంది. అక్కడ పుట్టే తెల్ల పొడి, కరిగిపోయిన లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగు పొక్కులు లేచేది అందుకే.

ఉక్కు దొరక్క పుట్టిన బండి

ఈ కథంతా ఒకే బండి మీద చూడాలంటే ల్యాండ్ రోవరే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్‌లో ఉక్కుకు రేషన్ పెట్టారు. విమానాల కోసం తయారైన అల్యూమినియానికి మాత్రం కొదవ లేదు. రోవర్ కంపెనీ ఇంజినీరు మారిస్ విల్క్స్ పొలం పనులకు పనికొచ్చే బండి చేయాలనుకున్నప్పుడు అల్యూమినియం, మెగ్నీషియం కలిసిన బర్మాబ్రైట్ అనే మిశ్రమ లోహంతో బాడీ రేకులు చేయించారు. 1948లో ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ షోలో ఆ బండి లోకం ముందుకొచ్చింది. తర్వాత డిఫెండర్ పేరుతో కొనసాగి, 2016 జనవరిలో పాత తరహా బండి తయారీ ఆగిపోయింది. ఈలోగా 2008లో ఆ కంపెనీ మన టాటా మోటార్స్ చేతికొచ్చింది.

దశాబ్దాలు దాటిన ల్యాండ్ రోవర్లు ఇప్పటికీ తిరుగుతున్నాయంటే అందులో ఆ రేకులకూ వాటా ఉంది. అయితే చట్రం ఉక్కుదే. తలుపుల లోపలి ఫ్రేములూ ఉక్కువే. ఆ ఫ్రేము మీద అల్యూమినియం రేకును చుట్టి, అంచు మడిచారు. ఆ మడతలోకి నీరు చేరితే... చిక్కు అక్కడే మొదలవుతుంది. ఈ బండ్ల తలుపుల కింది అంచులు చూస్తే విషయం తెలిసిపోతుంది. రేకు మధ్యలో నిక్షేపంగా ఉంటుంది, అంచు మాత్రం పొడిపొడిగా రాలుతుంటుంది.

రెండు వేర్వేరు లోహాలు తాకుతూ ఉండి, మధ్యన ఉప్పునీరు చేరితే అది చిన్నపాటి బ్యాటరీ అయిపోతుంది. రెంటిలో చురుకైనది తాను కరిగిపోతూ రెండోదాన్ని కాపాడుతుంది. ఉక్కు, అల్యూమినియం జోడీలో బలయ్యేది సాధారణంగా అల్యూమినియమే.

దీన్ని మొదట గట్టిగా నేర్చుకున్నది నౌకాదళం. 1761లో బ్రిటన్ ‘అలారం’ అనే యుద్ధనౌక కొయ్య అడుగుకు పురుగు పట్టకుండా రాగిరేకు తొడిగింది. రెండేళ్ల తర్వాత విప్పి చూస్తే రాగి బాగానే ఉంది, దాన్ని తాకిన ఇనుప మేకులు తినేసినట్టు పోయాయి. కానీ కొన్నిచోట్ల మేకులు చెక్కుచెదరలేదు. కారణం? రేకులు చుట్టి తెచ్చిన గోధుమరంగు కాగితాన్ని అక్కడ తీయకుండానే బిగించేశారు. పనివాళ్ల బద్ధకం మేకులను బతికించింది!

ఇప్పటి కార్ల కంపెనీలు ఆ కాగితం పనినే జిగురుతో, పూతలతో చేయిస్తున్నాయి. 2003లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌జే బాడీ అల్యూమినియందే. మూడు వేలకు పైగా రివెట్లు, వాటితోపాటు జిగురు కలిపి అతికించారు. 2015 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు బాడీని అల్యూమినియానికి మార్చి, బరువును గరిష్ఠంగా 700 పౌండ్ల దాకా, అంటే సుమారు 318 కిలోలు తగ్గించారు. బరువు తగ్గితే ఇంధనం మిగులుతుంది. ఈ కష్టమంతా దానికోసమే. మన దగ్గర ఉక్కు చట్రం మీద అల్యూమినియం రేకులు బిగించిన బస్సులకూ ఇదే సూత్రం. రెండింటి మధ్య పూతో, సీలెంటో లేకుండా బిగిస్తే బస్సు బయట తళతళలాడుతున్నా లోపల పని జరిగిపోతూనే ఉంటుంది.

రిపేరే రోగమైతే...

అసలు ప్రమాదం తరచూ టింకరింగ్ షెడ్డులోనే ఎదురవుతుంది. ఉదయం ఉక్కు తలుపును గ్రైండర్‌తో అరగదీస్తారు. మధ్యాహ్నం అదే బిళ్లతో అల్యూమినియం బానెట్‌ను రుద్దుతారు. ఉక్కు రజను అల్యూమినియంలో గుచ్చుకుని ఉండిపోతుంది. పైన ఎంత ఖరీదైన రంగు వేసినా, తేమ తగలగానే ప్రతి రేణువు చుట్టూ ఓ చిట్టి బ్యాటరీ మొదలవుతుంది. కొన్నాళ్లకు పొక్కులు. మళ్లీ షెడ్డు, మళ్లీ బిల్లు! 2004లో ఫోర్డ్ కంపెనీ తన సర్వీసు కేంద్రాలకు పంపిన సాంకేతిక సూచన కూడా అల్యూమినియం ప్యానెళ్ల మీద పొక్కులకు ఇనుప రేణువులే కారణమని చెప్పి, పనిముట్లు విడిగా ఉంచుకోమంది. మెకానిక్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న రంగు గురించి కాదు. ‘అల్యూమినియానికి వేరే బ్రష్షులు, వేరే ఎమరీ పేపర్లు ఉన్నాయా?’ అని. లేవంటే కొత్తవి తెప్పించమనండి. మొత్తం రిపేరు ఖర్చుతో పోలిస్తే అవెంత?

పని ఇలా సాగాలి. పొక్కు ఉన్నంత మేరే కాదు, చుట్టూ ఆరోగ్యంగా కనిపించే రంగును కూడా కొంత తీసేయాలి. చిలుము రంగు కింద పాకి ఉంటుంది మరి. తెల్లపొడి గుంటల్లోంచి పూర్తిగా పోయి లోహం మెరిసేదాకా రుద్దాలి. నూనె మరకలు లేకుండా తుడవాలి. ఆ తర్వాత ఆలస్యం చేయకూడదు. టీ తాగొచ్చి మర్నాడు చూద్దామంటే తేమా దుమ్మూ చేరిపోతాయి. అల్యూమినియానికి పనికొచ్చే ఎపాక్సీ ప్రైమర్‌ను కొద్ది గంటల్లోపే వేయాలి. పుట్టీ పెట్టాల్సి వస్తే సాధారణంగా ఆ ప్రైమర్ మీదే. ఇత్తడి గిన్నెకు కళాయి పోయనిదే పులుసు కాచనట్టే, ప్రైమర్ లేకుండా పైరంగు వేసి ఉపయోగం లేదు.

రేకుకు చిల్లే పడితే? పాడైన ముక్క కోసి, అల్యూమినియం అతుకు వేసి, సీలెంట్ పూసి, అల్యూమినియం రివెట్లతో బిగించడం ఒక దారి. వెల్డింగ్ అందరి చేతికీ వచ్చే పని కాదు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. పైనున్న ఆక్సైడ్ పొర కరగాలంటే రెండువేల డిగ్రీలు దాటాలి. మీగడ అలాగే ఉండి కింద పాలు పొంగిపోయినట్టు ఉంటుంది వ్యవహారం. పైగా ఉక్కులా ఎర్రబడి హెచ్చరించదు. చూస్తూండగానే జారిపోతుంది. వేడికి కొన్ని రకాల రేకులు బలం కూడా కోల్పోతాయి.

ఇంట్లో మనమే రుద్దుకుందాం అనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2014 ఆగస్టు 2న చైనాలోని కున్‌షాన్‌లో కార్ల అల్యూమినియం చక్రాలకు మెరుగుపెట్టే కర్మాగారంలో గాల్లో చేరిన ధూళి పేలి వంద మందికి పైగా చనిపోయారు. ఆ మెత్తటి పొడికి అంత శక్తి ఉంది. ఒక చక్రం మీద గీత రుద్దుకోవడం కర్మాగారంతో సమానం కాదు కానీ, తలుపులు మూసిన గదిలో మెషీన్‌తో రుద్దకూడదు. తడిపి, చేత్తో, మాస్కు కట్టుకుని రుద్దడం నయం. పక్కన నిప్పురవ్వలు లేచే గ్రైండింగ్ అసలే వద్దు.

అంతదాకా రాకుండా చూసుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. సముద్రతీరానికి వెళ్లొస్తే మంచినీళ్లతో కారు అడుగుభాగం, చక్రాల గూళ్లు కడిగించాలి. తలుపుల కింది అంచున నీరు పోయే సన్నని చిల్లులుంటాయి. వాటిలో మట్టి పూడుకుపోతే తలుపు లోపల చెరువే! అప్పుడప్పుడూ పుల్లతో చూసుకోవాలి. బానెట్ వెనక చేరిన ఎండుటాకులు తీసేయాలి. కార్ షాంపూ తప్ప బట్టల సబ్బు పొడి వాడకూడదు. రాయి తగిలి రంగు లేచిన చోట ఆ వారమే టచప్ చేయించాలి. నంబరు ప్లేటుకో, అదనపు లైటుకో రేకుకు కొత్తగా చిల్లు పెడితే అంచుకు ప్రైమర్, స్క్రూ కింద ప్లాస్టిక్ వాషరు తప్పనిసరి.

ఇక సెకండ్ హ్యాండ్ కారు చూడబోయేవారు చాలామంది జేబులో అయస్కాంతం వేసుకెళ్తారు. అతుక్కోకపోతే కింద పుట్టీ ఉన్నట్టు లెక్క. అల్యూమినియం ప్యానెల్ దగ్గర ఆ ఉపాయం పనిచేయదు. పుట్టీ ఉన్నా లేకపోయినా అయస్కాంతం అతుక్కోదు. అక్కడ రంగు మందం కొలిచే మీటరు కావాలి. అదీ ఇనుము కాని లోహాల మీద కూడా కొలవగలిగే రకం. అది లేనివారు తలుపు తెరిచి, మోకాళ్ల మీద కూర్చుని, కింది మడత వెంట వేలు పోనివ్వాలి. గరుగ్గా, ఉబ్బెత్తుగా తగిలిందా... ధర మాట్లాడాల్సింది అప్పుడే.